అంగీ అంచులో రాళ్ళు

బాప్తిస్మం అంగీలకు అంచులో బరువు పెట్టి కుట్టాలి. లేకపోతే నీళ్ళలో దిగగానే గుడ్డ గొడుగులా పైకి లేస్తుంది. మగవాళ్ళకు అది నవ్వులాట. ఆడవాళ్ళకు తల కొట్టేసినట్టు ఉంటుంది. మొదట సైకిల్ షాపులో పాత నట్లు అడిగి తెచ్చి కుట్టాను. తెల్లగుడ్డ మీద తుప్పు మరకలు పడ్డాయి. "దేవుడి పనికి మురికిగుడ్డలా?" అన్నారు అత్తయ్య. మరకలు రుద్దింది నేనే. ఆ తర్వాత గులకరాళ్ళు ఏరుకొచ్చాను.

ఆ శనివారం కూడా రాళ్ళే కుడుతున్నాను. మా ఆయన పక్కగదిలో ప్రసంగం చదువుకుంటున్నారు. మేమిద్దరం ఒకే బైబిలు స్కూల్లో చదివాం. సేవకు వెళ్తానని ఆయనకన్నా ముందు చెయ్యెత్తింది నేను. పెళ్ళయి, ఇద్దర్నీ మిషనరీలుగా ఈ ఊరు పంపాక మైకు ఆయనకు వెళ్ళింది, చాపలు నాకు వచ్చాయి. పరచడం, దులపడం, చుట్టడం. టీ కప్పులు కడగడం. ఇంటింటికీ తిరగడం మాత్రం ఇద్దరిదీ. చాలామంది మమ్మల్ని చూడగానే తలుపులు వేసేవాళ్ళు. ఒకావిడ ఏకంగా కుక్కను వదిలింది. ఆయన గోడ దూకారు. నేను అక్కడే నిలబడిపోయాను. కుక్క వాసన చూసి వెళ్ళిపోయింది. "నీకు భయమెయ్యలేదా?" అందావిడ. "కాళ్ళు కదల్లేదండీ" అన్నాను. పకపకా నవ్వి లోపలికి రమ్మంది. ఆ నవ్వుతోనే మా సంఘం మొదలైంది. ఆయన సాక్ష్యం చెప్పినప్పుడు మాత్రం "ఒక మూసిన తలుపును ప్రభువు నాకు తెరిచాడు" అంటారు. కుక్కా ఉండదు, గోడా ఉండదు. నేను వెనక వరసలో ఆమెన్ అంటాను.

నా ముఖం మాడినప్పుడల్లా "నీదీ సేవే కదా" అంటారు. అత్తయ్యకు అంత మెత్తదనం లేదు. "పాస్టరు పెళ్ళానికి రెండు చేతులుంటే చాలే అమ్మాయ్. నోరు వాడి దగ్గరుందిగా." మొదట్లో ఏడ్చేదాన్ని. తర్వాత ఆ మాట కూడా చాపలాగే చుట్టి మూలన పెట్టడం అలవాటైంది.

కుక్కను వదిలిన ఆవిడ ఆస్పత్రిలో ఊడ్చే పని చేస్తుంది. అక్కా అని పిలుస్తాను. ఆదివారం మొదటి బాప్తిస్మం ఆవిడకే. అంగీ కొలత చూద్దామని వెళ్ళినరోజు, తలుపు వేసి ఒక మాట చెప్పింది. పోయిన మొగుడు కోపమొస్తే మెడ పట్టుకుని తల నీళ్ళతొట్టిలో ముంచేవాడట. "అయ్యగారు మంచివారే చెల్లీ. కానీ మెడ మీద మగచెయ్యి పడిందంటే నా ప్రాణం అక్కడే పోతుంది. ఎవరికీ చెప్పకు, నీకు పుణ్యముంటుంది."

చెప్పలేదు. ఆయనతో ఇంతే అన్నాను: "ఆవిడ మెడ పట్టుకోకండి. భయపడుతుంది."

ఆయన పుస్తకంలోంచి తల ఎత్తలేదు. "మాకు అలాగే నేర్పారు. ఒక్క క్షణం పని. అందరి భయాలూ వింటూ కూర్చుంటే మిగతావాళ్ళు చలికి బిగుసుకుపోతారు."

మాకు అన్నారు. ఆ తరగతిలో నేనూ ఉన్నాను. మొదటి బెంచీలో.

ఆదివారం హాలు వెనక సిమెంటు తొట్టి నింపాం. ఆడవాళ్ళు నీళ్ళలోంచి వచ్చేటప్పుడు అడ్డం పట్టే దుప్పటి నా చేతుల్లో ఉంది. అక్క మెట్లు దిగింది. నీళ్ళలో నిలబడ్డ ఆయన అక్క మెడ వెనక చెయ్యి వేశారు. అంతే, కెవ్వుమంది. వెనక్కి జారి తొట్టి గోడకు అతుక్కుపోయింది. "విశ్వాసం ఉంచమ్మా" అన్నారాయన. "ఇంకా సిద్ధపడలేదేమో, మరోసారి చూద్దాం" అని వెనకనుంచి ఎవరో అన్నారు. అక్క నావైపు చూసింది. ఇవాళ ఇలా తడిగుడ్డతో ఇంటికి పోతే ఇక రాదు. నాకు తెలుసు. ఎందుకు కెవ్వుమందో చెప్పేస్తే ఆయన చెయ్యి తీసేస్తారు. చెప్పను, ఆ మాట నాది కాదు.

దుప్పటి అత్తయ్య చేతిలో పెట్టాను.

"ఇదేంటే?"

"పట్టుకోండి అత్తయ్యా" అని నీళ్ళలోకి దిగాను.

"ఏవండీ, మీరు పైకి రండి."

"ఏంటిది? ఆడవాళ్ళు ఎక్కడైనా..."

"అందరూ చూస్తున్నారు. రండి" అన్నాను మెల్లగా. పెళ్ళయినప్పటినుంచీ ఆ మాటతోనే నా నోరు మూయించారు. దానికి అంత బలముందని ఇన్నాళ్ళూ నాకు తెలుసు. ఆయనకు ఆరోజు తెలిసింది. మెట్లెక్కారు.

నా బట్టలకు రాళ్ళు లేవు. పాడు గుడ్డ బుస్సున పైకి లేచింది. ఒక చేత్తో అదిమి పట్టుకున్నాను. మనిషిని ముంచి లేపడానికి రెండు చేతులూ కావాలి. గట్టు మీద ఇంతమంది. సిగ్గు ఒక వైపు, అక్క ఒక వైపు. వదిలేశాను. తేలితే తేలనీ అనుకున్నాను.

"అక్కా, ముక్కు నువ్వే పట్టుకో. నా చెయ్యి నీ వీపు కింద ఉంటుంది. నువ్వు చెప్పినప్పుడే."

"ఆలస్యమవుద్దేమో చెల్లీ."

"నాకేం తొందర? పోయి కప్పులు కడగాలి, అంతేగా."

నవ్వింది. కుక్కనాటి నవ్వే. గట్టిగా ఊపిరి పీల్చి "ఇక కానీ" అంది. చెప్పాల్సిన మాటలు ఇన్నాళ్ళూ దుప్పటి వెనక నిలబడి విన్నాను. ఎక్కడా తడబడలేదు. ముంచాను, లేపాను. నీళ్ళు కారుతున్న ముఖంతో కళ్ళు తెరిచింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"ఓస్, ఇంతేనా!" అంది. ఆవిడ గుండెల్లోంచి దిగిన బరువేదో నా గుండెల్లోంచీ దిగింది. ఎన్నాళ్ళనుంచి మోస్తున్నానో అప్పుడు తెలిసింది. తర్వాత దిగాల్సిన ఆడపిల్ల మొదటి మెట్టు మీద నిలబడి "నాక్కూడా అమ్మగారే" అంది.

ఆయన గట్టు మీద తడిసి నిలబడ్డారు. చేతుల్ని ఏం చెయ్యాలో తెలియనట్టు ఉన్నారు.

"తువ్వాళ్ళెక్కడ?" అన్నారు చివరికి.

"ఎప్పుడూ ఉండేచోటే."

వెతుక్కుని తెచ్చారు. ముఖం పక్కకు తిప్పుకుని అక్కకు అందించారు.

మర్నాడు అంగీలు ఉతికి ఆరేశాను. మిగిలిన తెల్లగుడ్డ నేలమీద పరిచి, కత్తెర తీశాను. అత్తయ్య గుమ్మంలో నిలబడ్డారు.

"మళ్ళీ ఎవరికే?"

"నాకే."

ఆ చేతుల మాట, నోటి మాట వస్తుందని తల వంచుకుని కత్తిరిస్తూ కూర్చున్నాను. అత్తయ్య చతికిలబడి రాళ్ళ గిన్నె ముందుకు లాక్కున్నారు. కాసేపు గులకరాళ్ళు ఏరారు.

"నీకైతే నాలుగు రాళ్ళు ఎక్కువ వెయ్యి" అన్నారు. "నిన్న గొడుగులా లేచావు."