లోపలి గడియ

మే పద్దెనిమిది, ఆదివారం. ఆ రోజు జనరల్ బాడీ మీటింగులో పెసర పునుగులు, అల్లం పచ్చడి, చివర్లో చిన్న కప్పుల్లో మామిడిపండు ఐస్‌క్రీం పెట్టారు. బసవపున్నయ్య రెండోసారి పునుగులు పెట్టించుకుంటున్నప్పుడే తీర్మానం పాసయింది. చేతులెత్తినవాళ్లను అతను లెక్కపెట్టలేదు. మినిట్స్ పుస్తకంలో "ఏకగ్రీవముగా" అని రాసేశాడు.

ఇప్పుడు ఆగస్టు పద్నాలుగు. నాలుగు రోజులుగా వాన వదలడం లేదు. నోటీసు బోర్డు అద్దం తలుపు తీసి, ఈ నెల కాలనీ కబుర్ల కాగితాన్ని నాలుగు మూలలా గుండుసూదులతో గుచ్చుతూ అతను ఆ పునుగుల గురించే ఆలోచిస్తున్నాడు. కాగితం మీద అంశాలు అతను రాసినవే. కరెంటు తీగలు భూమిలోకి వెళ్లాయి. పెద్ద గేటు దగ్గర కొత్త కెమెరాలు వచ్చాయి. పార్కు కింది గోడకు టైల్స్, దీపాలు పూర్తయ్యాయి. రేపు ఉదయం ఎనిమిదింటికి పార్కులో జెండా వందనం.

మూడో అంశం దగ్గర అతని వేలు ఆగింది.

ఫిల్మ్‌నగర్ గుట్ట పడమటి వాలు మీద నలభై రెండు ఇళ్ల కాలనీ అది. వాలును చదును చేయడానికి పాతికేళ్ల కిందట లారీలకొద్దీ మట్టి పోశారు. ఆ మట్టి జారకుండా ఇరవై రెండడుగుల రాతిగోడ కట్టి, పైన పార్కు వేశారు. గోడలో అక్కడక్కడా పద్నాలుగు రంధ్రాలు ఉండేవి. వాన పడితే వాటిలోంచి తుప్పురంగు నీళ్లు కారేవి. కొత్త టైల్స్ మీద ఆ మరకలు బాగుండవని మీటింగులో ఎవరో అన్నారు. దోమలు కూడా అని ఇంకెవరో అన్నారు. మర్నాడు కాంట్రాక్టరుకు ఉత్తరం రాసింది బసవపున్నయ్యే. "గోడయందలి పద్నాలుగు రంధ్రములను సిమెంటుతో పూర్తిగా మూసివేయవలసినదిగా కోరుచున్నాము."

అతనిది బి.ఏ. రేపల్లె నుంచి వచ్చి, మొదట ఒక సినిమా కంపెనీ ఆఫీసులో గుమాస్తాగా చేసి, అది మూతపడ్డాక ఈ కాలనీ అసోసియేషన్‌లోనూ గుమాస్తాగానే చేరాడు. ఇరవై రెండేళ్లు. ఉత్తరాల్లో ఆ గ్రాంథికం కంపెనీ ఆఫీసులో అలవాటైంది. అతని భార్య అమ్మాజీ బతికున్నప్పుడు అవి చదివి నవ్వేది. "మీ ఉత్తరం చూసి ఎవరన్నా భయపడతారా అండీ, పాపం." ఆమె పోయి మూడేళ్లయింది. షేక్‌పేటలో ఒంటిగది. పొద్దున వచ్చేటప్పుడు ఒక కారు అతన్ని చూసి బురదగుంట దగ్గర వేగం తగ్గించింది. లోపల ఎవరున్నారో కనబడలేదు. అతను మాత్రం చేయెత్తి దణ్ణం పెట్టాడు.

"సార్, జర గోడ కాడికి రాండ్రి."

నీళ్ల వాల్వులు తిప్పే భిక్షం ప్లాస్టిక్ సంచిని తలకు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మామూలుగా ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడేవాడు, ఇవాళ చరచరా ముందు నడిచాడు.

గోడ కింద ఏడు టైల్స్ ముక్కలై పడి ఉన్నాయి. భిక్షం జేబులోంచి పురికొస తీసి, ఒక కొస బసవపున్నయ్యకిచ్చి, రెండో కొస పట్టుకుని ఇరవై అడుగులు వెళ్లి బిగించాడు. దారం రెండు చివరలా గోడకు ఆనలేదు. నడిమధ్య మాత్రం గోడే దారాన్ని బయటికి నెడుతోంది.

"గోడ కడుపుతోటి ఉన్నట్టున్నది సార్" అన్నాడు భిక్షం. "నాలుగు దినాల నీళ్లు లోపట్నే ఉన్నయి. యాడికి పోతయి?"

బసవపున్నయ్య అరచేయి టైల్ మీద పెట్టాడు. చల్లగా ఉంది. ఆ ఉబ్బు ముందు, గోడకు జానెడు దూరంలో, రేకుల గది ఒకటి ఉంది. కాలనీ రోడ్లు ఊడ్చే మల్లమ్మది. ఆమె మొగుడు ఇక్కడే వాచ్‌మన్‌గా చేసి చనిపోయాడు. గది తలుపు ముందు ఆరేసిన చీర వానకు తడిసి ముడుచుకుని ఉంది.

కార్యదర్శి రవిచంద్ర ఇంటి పోర్టికోలో కారు సిద్ధంగా ఉంది. ఆయనకు డబ్బింగ్ స్టూడియో ఉంది. చెవిలో ఫోనుతోనే, కూర్చోమని సైగ చేశాడు. బసవపున్నయ్య నిలబడే చెప్పాడు.

"పున్నయ్యగారూ, కాంట్రాక్టరు పదేళ్లు గ్యారంటీ ఇచ్చాడు కదండీ."

"టైల్స్‌కి ఇచ్చాడండీ. గోడకి కాదు."

రవిచంద్ర ఒక నిమిషం వాన వైపు చూశాడు. "రేపు హాలిడే. సోమవారం ఇంజినీర్‌ని పిలుద్దాం. ఈలోపు గ్రూపులో ఏమీ పెట్టకండి, అందరూ పానిక్ అవుతారు. అన్నట్టు ఆ మల్లమ్మ గది ఖాళీ అయిందా? కరెంటు ప్యానెల్ అక్కడే పెట్టాలి. ఆ ప్యానెల్ కాంట్రాక్టరు రోజూ ఫోను."

"లేదండీ."

"తడిసిపోయారు. కాఫీ తాగి వెళ్లండి" అని లోపలికి కేకేసి, కారెక్కాడు. కాఫీ వచ్చింది. వేడిగా, చిక్కగా ఉంది. సాసర్‌లో ఒలికిందంతా కూడా తాగాడు.

కార్పొరేషన్‌కు ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు ఇచ్చారు. సెలవైనా మర్నాడు మనిషి వస్తాడన్నారు. ఆ గొంతు ఎవరో అమ్మాయిది. "జాగ్రత్తండీ" అని కూడా అంది, ఆ మాట ఆమె అనక్కర్లేకపోయినా.

మధ్యాహ్నం బసవపున్నయ్య తిరిగి నోటీసు బోర్డు దగ్గరికి వెళ్లాడు. జెండా వందనం పక్కన పార్కు అన్న మాట కొట్టేసి, పెన్నుతో "గేటు దగ్గర" అని రాశాడు. ఎవరినీ అడగకుండా అక్కడ ఒక మాట మార్చడం అతనికి అదే మొదలు. తర్వాత భిక్షాన్ని పిలిచి, గునపం, సుత్తి తెమ్మన్నాడు.

"రవిచంద్ర సార్ చెప్పిండా?"

"లేదు. నేనే చెబుతున్నాను."

భిక్షం అతన్ని తేరిపార చూసి, నిచ్చెన వేశాడు. సాయంత్రానికి పదకొండు రంధ్రాలు తెరుచుకున్నాయి. కొన్నిటిలోంచి నీళ్లు పిడికిలంత లావున దూకాయి, కొన్నిటిలోంచి బురద కారింది. మిగిలిన మూడూ మల్లమ్మ గది వెనక ఉన్నాయి. జానెడు సందులో గునపం తిరగదు. ఉబ్బు ఆ మూడింటి చుట్టూనే ఉంది. గది విప్పితే తప్ప వాటిని అందుకోలేరు.

మల్లమ్మ గడపలో కూర్చుని చీపురు పుల్లలు కట్టకడుతోంది. అరవై దాటిన మనిషి. వేళ్లు మాత్రం ఆగవు.

"మల్లమ్మా, ఈ రాత్రికి కృష్ణానగర్‌లో మీ భువన దగ్గరికి వెళ్లు."

భువన ఆమె కూతురు. సినిమా డ్యాన్సర్లకు బట్టలు కుడుతుంది.

"కాయితం తెచ్చినవా సారూ?"

"కాగితం లేదు."

"గది ఇడిసిపెట్టుమని రెండుసార్లు కాయితం పంపితిరి. ఇప్పుడు గోడను పంపుతున్నరా?"

భిక్షం నవ్వబోయి ఆగాడు.

"నిజంగానే భయంగా ఉంది మల్లమ్మా. గోడ ఆగేట్టు లేదు."

"నాకు నీ గోడకంటె నీ తాళం భయం." ఆమె తాడు పళ్లతో బిగించింది. "తోటమాలి సుట్టాల సావుకని ఊరికి పోయి మూడు దినాలకు వచ్చిండు. గదికి ఎవరి తాళం ఉండె? ఎవరేసిండ్రు?"

వేసింది బసవపున్నయ్యే. ఆ నిబంధన రాసిందీ అతనే. "బయటనుండి తాళము వేసియున్న పనివారి గదులను ఖాళీగా పరిగణించి స్వాధీనపరచుకొనవలెను." లోపలి గడియ పెట్టి ఉంటే మనిషి ఉన్నట్టు, బయట తాళం ఉంటే లేనట్టు. ప్యానెల్ కాంట్రాక్టరు కాపలావాడు రోజూ రాత్రి ఎనిమిదింటికి టార్చి పట్టుకుని అదొక్కటే చూసుకుని పోతున్నాడు.

"నేను ఉత్తరం రాసిస్తాను. గది నీదేనని."

"నీ ఉత్తరాలు నేను సూడలేదా?" అని, ఆమె మొదటిసారి తలెత్తింది. "అంత భయమున్నోడివైతే నువ్వే పండుకో గీడ. నేను పోత."

వాన రేకుల మీద ఒక్కసారిగా జోరందుకుంది.

"సరే" అన్నాడు బసవపున్నయ్య.

మల్లమ్మ చేతిలో పుల్లలు నిలిచిపోయాయి. ఆమె అతని మొహాన్ని చూసింది, తర్వాత గోడను చూసింది. మధ్యాహ్నం నుంచీ నిచ్చెనా సుత్తీ చూస్తూనే ఉంది. ఇప్పుడు గోడ వైపు చూసే చూపు వేరు.

"నేనుంట సార్" అన్నాడు భిక్షం.

"నీకిద్దరు పిల్లలు. నువ్వు మల్లమ్మను ఆటో ఎక్కించు."

"ఊరికె మాటకు అన్న సారూ." ఆమె గొంతు తగ్గింది. "ముగ్గురం పోదాం. పోతే పోయింది గది."

"ఎక్కడికి పోతుంది. రేపు కార్పొరేషన్ మనిషి వస్తాడు. గోడ చూపిస్తాను. ఆ నిబంధన మీటింగులో నేనే కొట్టేయిస్తాను." అలా అనగలనని అతనికే తెలియదు. "తలుపు దగ్గరే కూర్చుంటాను. ఏ చప్పుడైనా బయటికొచ్చేస్తాను."

ఇరవై రెండడుగుల గోడ చప్పుడు చేసి ఎంత వ్యవధి ఇస్తుందో వాళ్లలో ఎవరూ అడగలేదు.

ఆమె మొగుడి ఫొటో, రేషన్ కార్డు, రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. గది వెనక మూల పరచి ఉన్న చాపను లాగి తలుపు పక్కకు తెచ్చింది. దిండు గోడవైపు కాకుండా గడప వైపు వేసింది. బొంతను దులిపి మడిచి పెట్టి, అది చాలదనిపించిందేమో, తన శాలువా తీసి దాని మీద ఉంచింది.

"చెప్పులు బయట ఇడువు" అంది. "కావలోనికి కనవడాలె."

వాళ్లిద్దరూ ఒకే గోనెసంచి కప్పుకుని మలుపు దిగిపోయారు. మల్లమ్మ మలుపు దగ్గర ఒక్కసారి ఆగింది. వెనక్కి తిరిగిందో లేదో వానలో తెలియలేదు.

గదిలో సబ్బు వాసన, కిరోసిన్ వాసన. వెనక సందులో నీళ్లు సన్నగా జారుతున్న శబ్దం, దాని వెనక ఇంకేదో, రాయి రాయిని ఒరుసుకుంటున్నట్టు, ఆగి ఆగి. అతను అటు చెవిపెట్టి విన్నాడు. ఆగినప్పుడే ఎక్కువ భయం వేసింది. ఫోనులో కాలనీ గ్రూపు మోగుతోంది. మూడు రంగుల బొమ్మలు, శుభాకాంక్షలు, ఇంతకీ జెండా వందనం గేటు దగ్గరెందుకని ఎవరిదో ప్రశ్న. రవిచంద్ర రాసిన జవాబు కింద కనిపించింది. "వాన కదండీ. పున్నయ్యగారు ఆలోచించే పెట్టి ఉంటారు." అతను దాన్ని రెండుసార్లు చదివాడు. "పార్కులోకి ఎవరూ రాకండి, గోడ ఉబ్బింది" అని రాసి, వేలు కొంచెంసేపు గాలిలో ఉంచి, పంపేశాడు. ఫోను వెంటనే గలగలా మోగడం మొదలుపెట్టింది. బోర్లా పెట్టేశాడు.

ఇరవై రెండేళ్లలో ఈ కాలనీలో అతను పడుకోబోవడం ఇదే మొదటిసారి.

దూరంగా మలుపులో టార్చి వెలుగు కదిలింది. బసవపున్నయ్య లేచి, తలుపును చప్పుడు కాకుండా దగ్గరకు వేసి, గడియ పెట్టాడు.

బయట గడప పక్కన, మడమ దగ్గర ఒకవైపే అరిగిపోయిన రెగ్జిన్ చెప్పుల జత మీద టార్చి వెలుగు పడి, కాసేపు నిలిచి, వెళ్లిపోయింది; చూరు నీళ్లు ధారకట్టి వాటిలోకే పడుతున్నాయి.