క్రిస్టినా ఊపిరికి సరిపోయే పద్యం

రొయ్యలు ఒలిచేటప్పుడే షీబాకి పద్యాలొస్తాయి. అదేం ఖర్మో గానీ, పెన్నూ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే ఒక్క ముక్క రాదు. రెండు చేతులూ నీచులో మునిగి ఉన్నప్పుడు మాత్రం ఒకదాని వెనక ఒకటి తోసుకొస్తాయి. చేతులు కడుక్కునేదాకా వాటిని నోట్లోనే తిప్పుకుంటూ ఉండాలి. ఈలోగా కుక్కర్ కూత వేస్తుంది, అత్తగారు కృపావతి బీపీ మాత్ర ఏదని అడుగుతుంది, భర్త సాల్మన్ రాజు స్నానాల గదిలోంచి తువ్వాలు కోసం కేకేస్తాడు. ఇవన్నీ అయ్యాక కూడా మిగిలిందే పద్యం. అందుకే ఆమెవన్నీ పొట్టి పద్యాలు.

"నీలో నువ్వే గొణుక్కుంటావేంటే, చూసేవాళ్ళు ఏమనుకుంటారు?" అంటుంది అత్తగారు.

"ప్రార్థన చేసుకుంటున్నానత్తయ్యా" అంటుంది షీబా. అది మరీ అబద్ధమేమీ కాదు.

ఆ పద్యాలు అవనిగడ్డలో వాళ్ళ చర్చి సండేస్కూలు పిల్లల కోసం. క్రిస్మస్‌కి ముందు జరిగే పిల్లల పండుగలో ఒక్కొక్కరూ స్టేజీ ఎక్కి ఒక్కో పద్యం చెప్పడం అక్కడి ఆనవాయితీ. షీబా ఏదీ ఊరికే రాయదు. జాకెట్టుకి కొలతలు తీసుకున్నట్టు ఒక్కో పిల్లనీ చూసి, ఆ నోటికి సరిపడేలా రాస్తుంది. బెన్నీది గంట లాంటి గొంతు, కాబట్టి వాడికి గొర్రెల కాపరుల్ని నిద్రలేపే పద్యం. స్టేజీ ఎక్కితే తల ఎత్తని రుబీనాకి తొట్టిలో పాపాయితో వంగి మాట్లాడే పద్యం. రుబీనా వాళ్ళది పక్కింటి సాయిబుల కుటుంబం, అయినా ఆదివారం మధ్యాహ్నం షీబా వరండాలో అందరికంటే ముందు ఆ పిల్లే ఉంటుంది. పదిహేను మంది చేరి ఉడకబెట్టిన శనగలు తింటూ షీబా పద్యాలు వింటారు, వాళ్ళవీ చెబుతారు. "మా రేకుల మీద వాన పరిగెత్తుద్ది ఆంటీ, దానికి చెప్పుల్లేవు" అంది ఒకసారి ఏడేళ్ళ క్రిస్టినా. ఆ రోజంతా షీబా ఆ మాటే తలుచుకుని మురిసిపోయింది. కూరలో ఉప్పు వేయడం కూడా మర్చిపోయింది, దానికి పడాల్సిన మాటలు పడింది.

ఇంతకీ ఈ పద్యాలు రాసేది సాల్మన్ రాజు మాస్టారని చర్చి మొత్తానికీ తెలుసు.

పద్నాలుగేళ్ళ కిందట పాస్టరు దైవాధీనం గారు "మాస్టారూ, చదువుకున్నవారు, మన పిల్లలకి ఏవన్నా రాసిపెట్టండి" అని ఆయన్ని అడిగారు. ఆయన ఇంటికొచ్చి "ఏవో నాలుగు ముక్కలు రాసి పడెయ్ షీబా, నాకు పరీక్ష పేపర్లు దిద్దుకునే పనుంది" అన్నాడు. రాసి పడేసింది. పండుగనాడు మైకులో ఆయన పేరు చదివితే, పాపం ఆయన కాస్త ఇబ్బందిగా షీబా వైపు చూశాడు కూడా. రెండో ఏడాదికి ఆ ఇబ్బంది పోయింది. ఇంకో ఏడాది ఒక పిల్లాడు స్టేజీ మీదే "ఇది మా షీబా ఆంటీ రాసింది" అన్నాడు. పెద్దలందరూ ముద్దుగా నవ్వారు. ఆ సాయంత్రం వాణ్ణి పక్కకి పిలిచి "మాస్టారు రాశారని చెప్పాలి నాన్నా" అని నేర్పింది షీబాయే. చర్చి గుమ్మంలో నిలబడి పసివాడికి అబద్ధం నేర్పానే అని ఇప్పటికీ ఆమెకి సిగ్గేస్తుంది.

సాల్మన్ రాజుని ఒక్క మాట అనబుద్ధి కాదు. బందరు వెళ్తే ఆమెకి ఇష్టమని హల్వా తెస్తాడు. జ్వరమొస్తే తనే జావ కాస్తాడు, గిన్నె మాత్రం కడగడు. ఆయన మంచితనం ఎప్పుడూ ఆ గిన్నె దగ్గర ఆగిపోతుంది.

ఈ ఏడాది చర్చికి డెబ్భై ఐదేళ్ళు. ఇన్నేళ్ళ పద్యాలన్నీ కలిపి చిన్న పుస్తకం వేస్తున్నారు. బందరు ప్రెస్సు నుంచి ప్రూఫులొచ్చాయి. అట్ట మీద లావుపాటి అక్షరాల్లో 'రచన: సాల్మన్ రాజు' అని ఉంది. షీబా ఆ అట్ట తెచ్చి భర్త ముందు పెట్టింది.

"నా పేరున్నా నీ పేరున్నా ఒకటేగా" అన్నాడాయన, టీ తాగుతూ.

"మగాడి పేరుంటే పుస్తకానికో విలువ" అంది అత్తగారు.

పద్నాలుగేళ్ళుగా మింగినదాన్ని ఇంకోసారి మింగలేనా అనుకుని షీబా పేజీలు తిప్పింది. క్రిస్టినా పద్యం దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

క్రిస్టినాకి ఉబ్బసం. చలికాలమొస్తే రెండు మాటలకోసారి ఆగి గాలి పీల్చుకోవాలి. వాళ్ళ నాన్న హంసలదీవి వైపు సముద్రంలో వేటకెళ్తాడు, పిల్ల ఇక్కడ నాయనమ్మ దగ్గరుండి చదువుకుంటోంది. ఆ పిల్ల శనగలు అడిగేటప్పుడు ఎక్కడెక్కడ ఆగుతుందో షీబా ఎన్నో ఆదివారాలు చెవులప్పగించి వింది. సరిగ్గా అక్కడక్కడే విరిచి రాసింది.

చుక్కమ్మా,
ఆగు.
మా నాన్న
వేటకెళ్ళాడు.
ఒడ్డుకి
తీసుకొచ్చి
అప్పుడెళ్ళు
బేత్లెహేముకి.

ప్రూఫులో అది లేదు. 'ఓ దివ్య నక్షత్రమా, వినువీధిని విరాజిల్లుచు మమ్ములనందరిని బేత్లెహేము పురమునకు నడిపింపుమా' అని గూడ్సు బండిలా ఒకటుంది.

"ఇదేంటండీ?"

"అచ్చుకెళ్తోంది కదా, కాస్త గంభీరంగా ఉండాలని దిద్దాను. పిల్లకీ ఇదే ఇచ్చాను, బట్టీ పడుతోంది."

"దానికి ఊపిరి చాలదండి."

"అలవాటైతే అదే వస్తుంది. నువ్వు వాళ్ళని మరీ గారం చేస్తావు."

షీబా లేచి వెళ్ళి అంట్లు ముందేసుకుంది. పేరు పోతే పోయిందిలే అనుకుంటూ వచ్చింది ఇన్నేళ్ళూ. పద్యాలు పిల్లల నోట్లో ఉన్నాయి, అదే పదివేలు అనుకుంది. పేరు ఇచ్చేస్తే పద్యమైనా తన దగ్గర ఉంటుందని నమ్మింది, ఎంత పిచ్చిది. తనది కానిదాన్ని ఎవరైనా ముట్టుకోవడానికి సందేహిస్తారు. ఆయన తనదే అనుకున్నాడు కాబట్టే ఎర్ర పెన్ను తీశాడు. తను నోరు మూసుకున్నందుకు తనకి నష్టం వస్తే అది తన ఏడుపు, కానీ ఇప్పుడు ఆ నష్టం పోయి పోయి ఒక ఏడేళ్ళ పిల్ల గుండెల మీద పడింది. ఆమెకి ఆయన మీద కోపం వచ్చింది. తన మీద అంతకు రెట్టింపు వచ్చింది.

శనివారం మధ్యాహ్నం చర్చిలో రిహార్సల్. షీబా చాప మీద కూర్చుని దేవదూతల రెక్కలకి జరీ కుడుతోంది. క్రిస్టినా వెళ్ళి మైకు ముందు నిలబడింది. 'వినువీధిని' దాకా బాగానే వెళ్ళింది. 'మమ్ములనందరిని' దగ్గర ఊపిరి అయిపోయింది.

"ఏం ఫర్లేదు తల్లీ, మళ్ళీ మొదట్నుంచి చెప్పు" అన్నాడు సాల్మన్ రాజు, నిజంగా ప్రేమగానే.

రెండోసారి ఆ పిల్ల ఛాతీలోంచి పిల్లికూత మొదలైంది. నాయనమ్మ పరుగున వచ్చి ఇన్‌హేలర్ నోట్లో పెట్టింది. కాసేపటికి కూత తగ్గింది.

"పోనీ ఈసారికి పాపని తప్పిద్దాం మాస్టారూ" అన్నారు పాస్టరుగారు. "బెన్నీ చెబుతాడు, వాడికైతే ఇబ్బంది ఉండదు."

క్రిస్టినా ఏడవలేదు. ఏడవడానికి కూడా ఊపిరి కావాలిగా. తల దించుకుని కొత్త చెప్పుల వైపు చూసుకుంటూ నిలబడింది.

షీబా ఒళ్ళో రెక్కలు పక్కన పెట్టి లేచింది. "అయ్యగారూ, తప్పు పిల్లది కాదండి, పద్యానిది. ఈ పిల్ల కోసం రాసింది వేరే ఉంది."

"మాస్టారు రాసిందే కదమ్మా ఇది?"

"ఇది ఆయనదేనండి. అది నాది."

సాల్మన్ రాజు ఏదో అనబోయాడు. ఆమె ఆయన వైపు చూడకుండా మైకు దగ్గరికెళ్ళి, క్రిస్టినా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "మన వరండాలో చెప్పుకున్నది గుర్తుందా అమ్మలూ?"

పిల్ల తలూపింది. "చుక్కమ్మా" అంది. గాలి పీల్చుకుంది. "ఆగు" అంది. మళ్ళీ పీల్చుకుంది. ఎక్కడా తడబడలేదు, ఎవరూ తొందర పెట్టలేదు. 'బేత్లెహేముకి' అనేసరికి వెనక బల్ల మీద నాయనమ్మ పమిట కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

పాస్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "మరి మిగతావన్నీ ఎవరు రాశారు మాస్టారూ?" అన్నారు.

సాల్మన్ రాజు చెవులు ఎర్రబడ్డాయి. ఆయనకి మాట అందనప్పుడల్లా పక్కనుంచి అందించడం షీబాకి పెళ్ళయినప్పటి నుంచీ ఉన్న ఉద్యోగం. ఇప్పుడూ 'ఇద్దరం కలిసే రాశామండి' అన్న మాట నాలుక చివరికొచ్చింది. అంటే అందరికీ మర్యాదగా గడిచిపోతుంది. ఆమె అనలేదు. పిల్లల కోసం ఎలా ఆగుతుందో ఆయన కోసమూ అలాగే ఆగింది.

"ఆమేనండి" అన్నాడు చివరికి. "అన్నీ."

ఆమెకి ఆయన మీద జాలేసింది, ప్రేమా కలిగింది. అయినా మాట మార్చలేదు. దగ్గరికెళ్ళి ఆయన చేతిలోని ప్రూఫులు తీసుకుని, ఆయన జేబులోని పెన్ను అడిగింది. అట్ట మీద 'సాల్మన్ రాజు' అన్నదాన్ని ఒక గీతతో కొట్టేసి, పైన 'షీబా' అని రాసింది.

ఆయన అది చూసి, "నా పేరు పక్కనన్నా ఉండనివ్వు. షీబా సాల్మన్ రాజు అని రాయి, బాగుంటుంది" అన్నాడు మెల్లగా.

"వద్దులెండి" అంది షీబా, పెన్ను తిరిగి ఇస్తూ. "పిల్లలు నన్ను ఇలాగే పిలుస్తారు."