పాపక్క నీళ్ళు పోసిన రాయి

ఆ రాయిని నీళ్ళతో కోశారా అని, మా ల్యాబులో పరిశోధన చేస్తున్న నవ్య నన్ను అడిగింది. ఇరవై ఆరేళ్ళుగా ఈ ల్యాబులో రాళ్ళు కోసి, వెలుతురు దూరేంత పలచగా అరగదీస్తున్నాను. ఈ ఫిలిప్ చేతిపనిని ఇంతవరకు ఎవరూ అంత మాట అనలేదు. ఆకాశం నుంచి పడ్డ నల్లరాయి నీళ్ళు తగిలితే పాడవుతుంది, అందుకే కిరసనాయిలుతోనే కోస్తానని, డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాను. కోపం వచ్చింది, దాచుకోలేదు.

తప్పు నవ్యది కూడా కాదు. ఆ రాయిలో తెల్లటి సన్న గీతలున్నాయి. భూమి మీద పడకముందు, ఆ రాయి ఒక గ్రహశకలంలో భాగంగా ఉన్నప్పుడు, అక్కడి నీళ్ళు వదిలిన ఉప్పు అది అని ఆమె మూడేళ్ళు కష్టపడి థీసిస్ రాసింది. ఇప్పుడు పరీక్షకుడు ఒకే ప్రశ్న పంపాడు: అవి భూమి మీది తేమకు పుట్టినవి కావని రుజువేమిటి? పదిహేను రోజుల్లో జవాబు చెప్పాలి.

ల్యాబుకు రాకముందు ఆ రాయి తొమ్మిది రోజులు పూలు పండించే పాపక్క దగ్గరుంది. చింతామణి ఊరి పక్కన ఆమె కనకాంబరాల తోటలోనే పడింది. చుక్క నీళ్ళు కూడా తగల్లేదని ఆమె ఫోన్లో చెప్పింది. నేను నమ్మలేదు. ఆకాశం నుంచి పడ్డ రాయికి నీళ్ళు పొయ్యని ఇల్లు ఆ వైపు ఉంటుందా?

శనివారం నవ్యా నేనూ పాపక్క పూలమ్మే బళేపేట బజారుకు వెళ్ళాం. గాజుల కొట్టు మెట్ల మీద కూర్చుని పాపక్క పూలు కడుతోంది. మళ్ళీ అదే మాట చెప్పింది. రాయి పాడుచేసిందని కేసు పెడతారేమోనని ఆమె భయం. ఈ పిల్ల మూడేళ్ళ చదువు నీ మాట మీదే నిలబడి ఉందని నేను చెప్పాక దారం పక్కన పెట్టింది.

"పోసినానప్పా. పొద్దున ఒక బిందె, మాపు ఒక బిందె. ఇంటికొచ్చిన సామికి నీళ్ళు పొయ్యకుండా ఎట్లుండేది?"

నవ్య ముఖం వాడిపోయింది. పాపక్క ఆమె వంక చూసి, ఇంకో సంగతి బయటపెట్టింది. రాయి పడిన రోజే, నీళ్ళు పొయ్యకముందే, రాలిన చిన్న పెచ్చును నల్లగుడ్డలో మూటగట్టి వంటింటి గుమ్మానికి దిష్టికి కట్టిందట. పొయ్యి సెగ తగిలే చోటు. దిష్టికి కట్టినదాన్ని కడగకూడదు కాబట్టి దానికి మాత్రం నీళ్ళు పొయ్యలేదు.

సోమవారం ఆ మూటను పాపక్క తానే ల్యాబుకు తెచ్చింది. నా కిరసనాయిలు డబ్బా తీసి పెచ్చును కోశాను. నవ్య సూక్ష్మదర్శినిలో చాలాసేపు చూసింది. ఒక్క తెల్లగీత కూడా లేదు. గీతలన్నీ పాపక్క బిందెలోవే.

అయినా నవ్య సూక్ష్మదర్శిని మీంచి కన్ను తీయలేదు. కాసేపటికి పక్కకు జరిగి నన్ను చూడమంది. నల్లటి భాగమంతా మెత్తటి బంకమన్ను. అందులో సగం తినేసినట్టున్న గింజలు: అంచులు నీళ్ళకు నాని మన్నుగా మారాయి, నడుమ మాత్రం అసలు ఖనిజం మిగిలింది. అలా మారడానికి తొమ్మిది రోజులు చాలవు, వేలో లక్షలో ఏళ్ళు పడుతుంది. పెద్ద రాయిలోనూ ఇవే ఉన్నాయి, కాకపోతే మేం తెల్లదాన్నే చూస్తూ కూర్చున్నాం.

"నీళ్ళ పని నల్లదాన్లో ఉంది అంకుల్. మూడేళ్ళు దాన్ని చూడకుండా పక్కకు తోసేశాను."

తలుపు దగ్గరున్న పాపక్క అంతా వింది. "ఐతే నాకన్నా ముందే ఎవురో దానికి నీళ్ళు పోసినారా?"

ఎవరూ పొయ్యలేదని నవ్య చెప్పింది. రాయి లోపలే మంచు ఉండేది, ఆ గ్రహశకలం పుట్టినప్పటి వేడికి అదే కరిగింది.

పాపక్క కొంచెం ఆలోచించింది. "తనకు తానే నీళ్ళు పోసుకొనుండాది. నాకు తెలీక మళ్ళా పోస్తిని."

ఆ మాటకు నవ్య నవ్వింది; పది రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు. నా ప్రాణం కుదుటపడింది. ఆమె తెల్లగీతల అధ్యాయం మొత్తం కొట్టేసి, ఖాళీ పేజీలో మొదటి వాక్యం రాసింది: ఈ రాయి తనకు తానే నీళ్ళు పోసుకుంది.