కనుబొమ పైన ప్లాస్టరు

ఇస్త్రీ పెద్దమ్మ చెయ్యి పడితే పాత చొక్కా కూడా కొత్తదైపోతుందని వీధంతా ఒప్పుకుంటుంది. అలాంటి మనిషి కిందటి నెల ఒకరి తెల్ల చొక్కా కాలరు కాల్చింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు. మడత ఎక్కడుందో వేళ్ళతో తడుముకోవలసి వస్తోంది. బడి హాల్లో ఉచిత కంటి శిబిరం అనగానే కోడల్ని వెంటబెట్టుకుని పొద్దున్నే వరసలో నిలబడింది. మళ్ళీ శిబిరం ఏడాదికి గాని రాదు. అంతదాకా కోడలు ఇస్త్రీపెట్టె ముట్టుకోనిచ్చేలా లేదు.

డాక్టరమ్మ పరీక్ష చేసి, ఇవాళ ఒక కంటికే ఆపరేషను, రెండోది తర్వాత అంది. నర్సు చీటీ రాసి తన దగ్గరే పెట్టుకుంది. ఆపరేషను ఏ కంటికో ఆ కనుబొమ పైన చిన్న ప్లాస్టరు ముక్క అంటించింది. మధ్యాహ్నం వ్యాను ఆసుపత్రికి తీసుకుపోతుందని, వరసలో ముందున్నవాళ్ళకే చోటని చెప్పింది.

కోడలు టీ తాగడానికి బయటికి వెళ్ళింది. పెద్దమ్మకు దేవుడికి దణ్ణం పెట్టుకోవాలనిపించింది. మొహం కడుక్కోకుండా దణ్ణం పెట్టడం ఆవిడ ఎరగదు. కుళాయి దగ్గర, కళ్ళలోకి నీళ్ళు పోకుండా నుదురూ బుగ్గలూ రెండు చేతులా రుద్ది కడుక్కుంది. ప్లాస్టరు ఊడి చేతిలోకి వచ్చింది.

ఎడమా, కుడా? కంగారులో విన్నమాట కంగారులోనే పోయింది. రెండు కళ్ళకూ లోకం ఒకేలా మసక. అడిగితే వరస చివరికి పొమ్మంటారేమో. "స్వామీ, నువ్వే చూపించు" అని కళ్ళు మూసుకుంది. చెయ్యి కుడివైపు వెళ్ళింది. తడి తుడిచి అక్కడే అదిమింది.

మనసు మాత్రం కుదుటపడలేదు. చెయ్యి నడిపింది దేవుడేనా, లేక ముప్పై ఏళ్ళుగా పెట్టె తోసే చెయ్యి అలవాటుగా అటు పోయిందా? పక్కగదిలో ఉన్న నర్సును అడిగితే తెలిసే సంగతికి అంతటివాణ్ణి కదిపిందెందుకు?

తిరిగొచ్చిన కోడలికి చెప్పింది.

"ఊరుకోండి అత్తయ్యా, వరస పోతుంది. రెండూ పాడైనవేగా, ఏదైతేనేం?"

"ఒకరి చొక్కా ఇంకొకరికి ఇచ్చొస్తే ఊరుకుంటారా? ఇది నా కంటి సంగతే, పిల్లా."

లేచి వెళ్ళి నర్సుకు జరిగింది జరిగినట్టు చెప్పింది. నర్సు చీటీ తీసింది. ఎడమ.

"దేవుడు పొద్దున్నే నాచేత రాయించి పెట్టాడు కదమ్మా" అంది నర్సు.

"అయితే తప్పు ఆయనది కాదు. నేనే చదువురానిదాన్ని" అని నవ్వింది పెద్దమ్మ.

డాక్టరమ్మ మళ్ళీ చూసి ఎడమేనని ఖాయం చేసేసరికి వరస ముందుకు సాగిపోయింది. పెద్దమ్మ చివరికి వెళ్ళి నిలబడింది. డ్రైవరు హారను మోగిస్తుంటే నర్సు తలుపు పట్టుకుని, ఇంకొక్కరున్నారు, సర్దుకోండి అంది. పెద్దమ్మ ఇద్దరి మధ్య ఇరుక్కుని, మోకాళ్ళు ముడుచుకుని ఆసుపత్రికి చేరింది.

బల్ల మీద పడుకోబెట్టాక డాక్టరమ్మ ఏ కన్నని అడిగింది.

"ఎడమ. అయినా చీటీ చూడమ్మా."

తర్వాత మనసులోనే దణ్ణం పెట్టుకుంది. ఈసారి తన కంటి మాట ఎత్తలేదు. డాక్టరమ్మ చెయ్యి నిలకడగా ఉండాలని మాత్రం అడిగింది. కాలరు అంచున వేడి పెట్టె నడిపే మనిషి కదా, ఆ నిలకడ విలువ ఆవిడకు తెలుసు.