ఆయిషా బీ ఊపిరి

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఏడాది, రంజాన్ పండుగనాటి ఉదయం, మునెమ్మ తిరుచానూరు నుంచి తిరుపతికి ఒక యంత్రం కోసం వచ్చింది. గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరుచేసి రోగి ముక్కుకు అందించే ఆ యంత్రం పిడికెడు బియ్యం సంఘానికి ఒక్కటే ఉన్నది. ఆ ఉదయం నుంచి అది ఆమె భర్త సుబ్రమణ్యం మంచం పక్కన ఉండాలని ముందురోజే నిర్ణయమైంది.

మొదటి లాక్‌డౌన్‌లో భక్తుల రాక ఆగిపోయి, పూలు కట్టి అమ్మేవారి ఇళ్ళలో, లాడ్జీలలో పనిచేసేవారి ఇళ్ళలో పొయ్యిలు చల్లబడినప్పుడు, పరుపులు కుట్టే సైఫుల్లా, ఆటో నడిపే పాల్ కలిసి ఆ సంఘాన్ని మొదలుపెట్టారు. వండుకునే ప్రతి ఇంట్లోనూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు వేరుగా తీసి ఉంచాలి. అలా పోగైన బియ్యం పొయ్యి వెలగని ఇంటికి చేరాలి. పూలమ్ముకునే మునెమ్మ, లాడ్జి కాపలాదారు సుబ్రమణ్యం ఆ వేసవిని ఆ బియ్యంతోనే గడిపారు. కాస్త తెరిపిన పడగానే మునెమ్మ కూడా తన వంతు పిడికెడు తీసిపెట్టసాగింది. రెండో ఏడు వచ్చేసరికి బియ్యం కంటే ఊపిరి కరువైంది. ఆసుపత్రుల్లో మంచాలు దొరకడం లేదు. సంఘం ఇంటింటికీ తిరిగి చందాలు ఎత్తి యంత్రాన్ని కొన్నది.

మునెమ్మను ఎక్కించుకొచ్చిన పాల్ ఆటో సైఫుల్లా ఇంటి ముందు ఆగింది. యంత్రం వసారాలోనే ఉన్నది, ప్రయాణానికి దుప్పటి చుట్టి. కానీ గడపలో నిలబడిన సైఫుల్లా ముఖం పండుగనాటి ముఖం కాదు.

"దూరంగా ఉండక్కా. అమ్మీకి రాత్రి నుంచి జ్వరం. ఇప్పుడే వేలికి మిషన్ పెట్టి సూస్తిమి. ఎనభై నాలుగు సూపిస్తా ఉండాది."

రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే ఆ అంకె సుబ్రమణ్యానికి పొద్దున చూసినప్పుడు ఎనభై ఎనిమిది. ఎవరికి తక్కువ ఉంటే వారికే ముందు అన్నది సంఘం పెట్టుకున్న నియమం. ఆ నియమాన్ని సైఫుల్లా నోటితో చెప్పలేకపోయాడు. మునెమ్మ వైపు చూడలేకపోయాడు కూడా.

"మీయమ్మకే పెట్టుకో భాయ్," అన్నది మునెమ్మ. "కన్నతల్లి గదా. నా కోసరం ఆపొద్దు."

అనేసి ఆటో వైపు తిరిగింది. పన్నెండింటికి కర్ఫ్యూ. ఆలోగా వేరే ఎక్కడ అడగాలో ఆమెకు తోచలేదు.

అప్పుడు వసారా పక్క గది కిటికీలోంచి సైఫుల్లా తల్లి ఆయిషా బీ గొంతు వినిపించింది.

"ఒరే సైఫూ! మాట ఇచ్చేది ఒకరికి, మిషన్ పెట్టేది ఇంకొకరికారా? ఊరంతా తిరిగి అడుక్కోనొచ్చి కొనింది మీ అమ్మ ముక్కుకు తగిలిచ్చేదానికా? రేపు ఆ వీధిలో తలెత్తుకోని ఎట్ల నడుస్తావు? ఒమే మిస్బా, పొయ్యి మింద పాయసం మాడతా ఉండాది సూడు! నాకు వాసన తెలీకుండా పొయ్యింది సరే, నీ ముక్కుకేమి రోగం? పండగపూట అందరూ నా వేలు పట్టుకోని కూసుంటిరి!"

పాల్ మాస్కులోపల నవ్వాపుకున్నాడు. "జ్వరంలోనే ఇట్లుంటే, బాగుండే దినం ఎట్లుంటుందో యమ్మ."

మునెమ్మ నవ్వలేదు. ఆమె చెవి మరొక సంగతిని పట్టుకున్నది. ఆ పొద్దున సుబ్రమణ్యం నీళ్ళడిగాడు. 'నీళ్ళు' అని ఆగి, రొమ్ము ఎగరేసి, 'ఇయ్యి' అన్నాడు. ఆ రెండు మాటల నడుమ పడిన శ్రమ ఆమె కళ్ళముందే ఉన్నది. కిటికీలోని గొంతుకు అలాంటి ఆగడం లేదు. కానీ ఆ మాట ఎలా అనడం? 'మీ అమ్మ బాగానే ఉండాది, మిషన్ నాకియ్యి' అన్నట్టు కాదా? ఒకవేళ అంకే నిజమై, తన మాట వల్ల ఆ తల్లికి ఏమైనా అయితే? అంతలో కిటికీలోంచి ఆ గొంతే మళ్ళీ వినిపించింది.

"ఏం మే పూలమ్మా, మూగదాని మాదిరి నిలబడుకుంటివి? మీ ఆయన ఎట్లుండాడు? మాట్లాడతా ఉండాడా?"

అడిగినందుకు చెప్పక తప్పలేదు. "మాట్లాడతాడమ్మా. మాటకూ మాటకూ నడాన ఆగి గాలి పీల్చుకుంటాడు. నిండుగా ఒక మాట చెప్పల్లేడు."

"ఇనింటివా సైఫూ? ఇంతసేపు తిడితి గదా నిన్ను. యాడన్నా ఆగితినా?"

"మరి నంబరు అట్ల సూపిస్తా ఉండాదే అమ్మీ!"

గరిటె చేతబట్టుకుని మిస్బా గుమ్మంలోకి వచ్చింది. సైఫుల్లా కూతురు, కాలేజీ చదువు. ఆమె చూపు తన అరచేతుల మీదికి, అక్కడి నుంచి తండ్రి మీదికి పోయింది.

"అబ్బూ, దాదీ వేళ్ళకు నిన్న నేనే గోరింటాకు కోను పెట్టినా. గోళ్ళతో సహా నల్లగా పండింది. ఆ మిషన్ వేలిగుండా వెలుతురు పంపించి గదా సూసేది? ఆ నలుపు అడ్డమొచ్చి తప్పు సూపిస్తా ఉండాదేమో!"

"కాలి వేలికి పెట్టు భాయ్," అన్నాడు పాల్.

"ఔ, కాళ్ళకు కోను పెట్టనీలేదు దాదీ."

"ఈ వయసులో కాళ్ళక్కూడా పెట్టుకుంటే నన్ను మళ్ళా పెండ్లికూతురు అనుకుంటారని వద్దంటి," అన్నది కిటికీ.

సైఫుల్లా లోపలికి పరుగెత్తాడు. మునెమ్మ కళ్ళు మూసుకున్నది. అంకె పెద్దది రావాలని అమ్మవారికి మొక్కుకున్నది. ఆ మొక్కు ఆ ముసలితల్లి కోసమా, తన భర్త కోసమా అన్నది ఆమెకే తెలియలేదు. ఇద్దరికీ కావలసింది ఆ ఒక్క అంకే.

"తొంభై ఆరు!" సైఫుల్లా లోపలి నుంచి అరిచాడు. "రెండు కాళ్ళకూ సూసినా పాల్! తొంభై ఆరే!"

ఆ తర్వాత ఎవరూ ఆలస్యం చేయలేదు. యంత్రం ఆటో ఎక్కింది. గొట్టాలు, నీళ్ళసీసా మునెమ్మ ఒళ్ళోకి వచ్చాయి. మిస్బా మాడని భాగం చూసి ఒక డబ్బా పాయసం తెచ్చి సీటు మీద పెట్టింది. కర్ఫ్యూకు ముందే వారు తిరుచానూరు చేరారు. పాల్ యంత్రాన్ని బిగించి, నడిచే తీరు చూపించి, సుబ్రమణ్యం వేలి మీద అంకె తొంభై దాటేవరకు కూర్చుని వెళ్ళాడు.

మధ్యాహ్నం మునెమ్మ ఆయిషా బీకి ఫోను చేసింది. ఏమి చెప్పాలో దారి పొడుగునా కూర్చుకున్నది. ఈ రెండేళ్ళలో ఆ సంఘం తన ఇంటికి పెట్టిన అన్నం గురించి, ఈనాటి ఊపిరి గురించి, తన కోసం కన్నకొడుకునే తిట్టిన తల్లి గురించి.

"అమ్మా, మీరు చేసిన మేలు..."

"మేలూ గీలూ తర్వాత. ఆయప్పను బోర్లా పండుకోబెట్టినావా? బోర్లా ఉంటే గాలి బాగా దిగుతుందంట."

"ఇంకా లేదమ్మా..."

"మరి ఫోను పట్టుకోని ఏం చేస్తా ఉండావు మే? పెట్టేసి పో!"

మునెమ్మ ఫోను పక్కన పెట్టింది. కొంగుతో కళ్ళు తుడుచుకున్నది. గొట్టం ముడిపడకుండా ఎడంగా జరిపి, భర్త భుజం కిందికి రెండు చేతులూ పోనిచ్చింది.

"తిరగప్పా," అన్నది, "మెల్లగా తిరుగు."