తొమ్మిదో నంబరు బూట్ల జత

నేను ఒక జత బూట్లను. కొలత తొమ్మిది. నా ముందు భాగంలో ఉక్కు రేకు ఉంటుంది; దాని మీద రాయి పడినా వేళ్లు నలగవు. పుట్టింది కాన్పూర్‌లో. అక్కడి నుంచి ముప్పై జతల్లో ఒకటిగా ఒక విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్ర విభాగానికి వచ్చాను. అది రాయలసీమలో ఉంది. పేరు చెప్పను. చెబితే మిగతా విశ్వవిద్యాలయాలు తమ సంగతి కాదని ఊపిరి పీల్చుకుంటాయి.

నన్ను కొన్న తీరు స్టోర్‌కీపర్ మస్తాన్ వలి వచ్చినవాళ్లకల్లా చెబుతుంటాడు. కొనుగోలు కమిటీలో అయిదుగురు ప్రొఫెసర్లు, అందరూ మగవాళ్లు. ఏ కొలతలు రాయమంటారని అతను అడిగితే ఒకాయన చెప్పు విప్పి, తిప్పి చూసి ఎనిమిది అన్నాడు. ఇంకొకాయన తొమ్మిది అన్నాడు. పది కూడా రాసుకోమన్నాడు మూడో ఆయన. ఆ మూడు నంబర్లలో పదేసి జతలు తెప్పించారు. ఆ ఏడాది ఎమ్మెస్సీలో ఇరవై రెండు మంది ఉన్నారు. వారిలో పదమూడు మంది అమ్మాయిలు.

ఆ అయిదుగురిలో దుర్మార్గుడు ఒక్కడూ లేడు. ఉంటే నాకింత విసుగు ఉండేది కాదు. దుర్మార్గుడితో కనీసం పోట్లాడవచ్చు.

ఏటా జనవరిలో విద్యార్థులను, పాఠాల్లో బెరైటీస్ అనే ముగ్గురాయి గనికి తీసుకుపోతారు. అది నేల మీద తెరిచిన గని. మెట్లు మెట్లుగా కిందికి దిగుతుంది. సేఫ్టీ బూట్లు లేనిదే గేటు దాటనివ్వరు. అబ్బాయిలు మమ్మల్ని తొడుక్కుని దిగేవాళ్లు. అమ్మాయిలను గని ఆఫీసులో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, గోడ మీది పటం చూపించేవాళ్లు. తిరిగొచ్చాక అందరూ రికార్డు రాసేవాళ్లు. 'మేము గనిలోని పొరలను పరిశీలించితిమి' అని అమ్మాయిలు కూడా రాసేవాళ్లు. పరిశీలించింది నేను. ఆరేళ్లలో ఆ వాక్యం మీద అరవై ఎనిమిది మంది అమ్మాయిలకు మార్కులు వేశారు. ఒక్క పరీక్షకుడికీ అనుమానం రాలేదు.

ఏడో ఏడు ఓబులేశ్వరి వచ్చింది. ఊరు గనికి మూడు కిలోమీటర్లు. తల్లి గంగులమ్మ ఆ గనిలోనే కాంట్రాక్టరు కింద రాయి ఏరే కూలీ. ముగ్గురాయిలో ఒకచోట పువ్వు రేకుల్లా విచ్చుకున్న రాయి వస్తుంది. కూలీలు దాన్ని పూలరాయి అంటారు. అది ఏ మెట్టులో మొదలై ఏ మెట్టులో ఆగిపోతుందో తేల్చడం ఓబులేశ్వరి ప్రాజెక్టు. నమూనాలు ఎవరికి వారే సేకరించాలి. లేకపోతే దాన్ని గ్రంథాలయ ప్రాజెక్టు అంటారు. అది చేసినవాళ్లను పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి పిలవరు. ఫిబ్రవరి ఆఖరుకు నమూనాలు చూపించాలి.

"అబ్బాయిలు తెచ్చిస్తార్లేమ్మా" అన్నాడు ఆమె గైడు జనార్దనరాజు గారు.

తెచ్చారు. సంచిలో ఏడు రాళ్లు.

"ఏ మెట్టులో తీసినారన్నా?" అని అడిగింది ఓబులేశ్వరి.

"ఆడనే, కింద."

ఎక్కడ తీశారో తెలియని రాయితో గోడ కట్టుకోవచ్చు, పరిశోధన చేయలేరు. ఆమె నేరుగా మస్తాన్ వలి దగ్గరికి వచ్చింది. ఆమె పాదం నాలుగో నంబరు. అతను మూడు ఊళ్లకు ఫోన్ చేశాడు. సేఫ్టీ బూట్లలో ఆరుకు తక్కువ ఎక్కడా లేవు. నాలుగు కావాలంటే యాభై జతలు తీసుకోవాలన్నారు.

"యూనివర్సిటీ అంతా వెతికినా నాలుగో నంబరు కాళ్లు యాభై జతలు రావు తల్లీ. ఎనిమిదులన్నీ అబ్బాయిల కాడ ఉండాయి. దీన్ని తీసుకపో, కాగితాలు కుక్కుకో" అని నన్ను ఇచ్చాడు.

మూడు జతల మేజోళ్లు, ఒక దినపత్రిక. అయినా నాలో ఆమె పాదం ముందుకీ వెనక్కీ జరుగుతూనే ఉంది. గని గేటు దగ్గర సేఫ్టీ ఆఫీసరు నాలుగడుగులు నడిపించి ఆపేశాడు.

"కొలత సరిపోని బూటు రూల్ ప్రకారం బూటే కాదమ్మా."

ఆ మాటలో తప్పు లేదు. ఏడేళ్లలో నా గురించి ఎవరైనా అన్న మొదటి నిజం అది.

అప్పుడే గంగులమ్మ ముఠా గంపలు పట్టుకుని పక్క దారిన లోపలికి పోతోంది. తొమ్మిది మంది ఆడవాళ్లు. అందరి కాళ్లకూ రబ్బరు చెప్పులు. ఇద్దరికి అవీ లేవు.

"ఏం సార్, నా బిడ్డను నిలబెట్టినావంట?" అని ఆగింది గంగులమ్మ.

"బూట్లు లేవమ్మా. రాయి పడితే ఎవరు చూసేది?"

"మరి మా మీద పడేవి పూలా?"

ఆడవాళ్లు నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. "మీరు కాంట్రాక్టరు మనుషులు. మా రికార్డులోకి రారు" అన్నాడు.

గంగులమ్మ కూతురి వైపు తిరిగింది. "విన్యావా? నువ్వు రికార్డులో ఉండావు గాబట్టి పోగూడదంట. మా ముఠాలోకి రామ్మే."

మర్నాడు ఓబులేశ్వరి పేరు కాంట్రాక్టరు మస్టరులో ఎక్కింది. నమూనాలు తీయడానికి గని వాళ్లిచ్చిన అనుమతి పత్రం రవికెలో పెట్టుకుని, తల్లి చెప్పులేసుకుని దిగింది. నేనూ దిగాను, గంగులమ్మ తల మీద గంపలో. ముగ్గురాయి బరువుకు గుడ్డ సంచులు చిరిగిపోతాయి, బూట్లయితే ఆగుతాయని ఆమె చెప్పింది. కాళ్లకు వేసుకుంటే నన్ను రానివ్వనివాళ్లు సంచిగా రానిచ్చారు.

పదకొండు రోజులు రాయి ఏరుతూనే నమూనాలు తీసింది. పై మెట్ల రాళ్లు ఎడమ బూటులో, కింది మెట్లవి కుడి బూటులో. ప్రతి రాయికీ చీటీ కట్టింది. పూలరాయి నాలుగో మెట్టులోనే ఉంటుందని ఆమె చదువుకున్న పాఠంలో ఉంది. గంగులమ్మ ముఠా ఆరో మెట్టులోనూ ఉందని తీసుకెళ్లి చూపించింది. ఇరవై ఏళ్లుగా ఆ తొమ్మిది మందికీ తెలిసిన సంగతి అది. అడిగినవాళ్లు లేరు.

ఫిబ్రవరి ఇరవై ఆరున జనార్దనరాజు గారి బల్ల మీద ముప్పై ఒక్క నమూనాలు వరసగా పేర్చింది. ఆయన ఆరో మెట్టు రాళ్లను భూతద్దంతో చాలాసేపు చూశాడు. తర్వాత నమూనాల ధ్రువీకరణ ఫారం తీశాడు. అందులో ఒక గడి ఉంది: గనిలో ఏ హోదాలో ప్రవేశించారు? ఆమె 'కూలీ' అని రాసింది.

"ఇది మార్చమ్మా. విద్యార్థిని అని రాయి. బాగుండదు."

"విద్యార్థినిగా పోతే గేటు కాడ ఆపినారు సార్. అట్ల రాస్తే అబద్ధమైతుంది."

"సెనేట్ దాకా పోతుందమ్మా ఈ కాగితం."

"పోనీండి సార్."

"సంతకం పెట్టకపోతే ఏం చేస్తావు?"

ఓబులేశ్వరి రాళ్లు ఒక్కొక్కటే తీసి నాలో వేసుకోవడం మొదలుపెట్టింది. నాలుగో రాయి దగ్గర ఆయన "ఆగమ్మా" అన్నాడు. ఆరో మెట్టు రాయి ఒకటి ఇంకా ఆయన చేతిలోనే ఉంది. ఇంకో చేత్తో సంతకం పెట్టాడు.

ఓబులేశ్వరిని పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి పిలిచారు. సీటు వచ్చింది. ఆమె వ్యాసం చివర తొమ్మిది మంది ఆడవాళ్ల పేర్లు ఇంటిపేర్లతో సహా ఉన్నాయి. 'స్థానిక కూలీలు' అని రాస్తే చాలదా అని జనార్దనరాజు గారు అడిగాడట. చాలదందట.

ఆ ఫారం సెనేట్ దాకా పోయింది. సెనేట్ చర్చించి, ఫారంలోంచి ఆ గడిని తీసేసింది.

నన్ను తనిఖీ చేసి, లోపలి తోలు చిరిగిందని, రాళ్లు మోయడానికి వాడినట్టు ఉందని రాసి, పనికిరాని సామాను కింద ప్రయోగశాల వెనక పడేశారు. మిగతా ఇరవై తొమ్మిది జతలూ స్టోరులో ఉన్నాయి.

ఈ జనవరిలో మళ్లీ గనికి పోయే బస్సు వచ్చింది. దానికి ముందు రోజు సాయంత్రం ఒక అమ్మాయి సామాన్ల మధ్య వెతుక్కుంటూ వచ్చి నన్ను బయటికి లాగింది.

"అది కండెమ్ చేసిన మాలు తల్లీ" అన్నాడు మస్తాన్ వలి. "కాళ్లకు పనికిరాదు."

"కాళ్లకు గాదు సార్" అంది ఆ అమ్మాయి. "సంచికి. ఓబులేశ్వరక్క చెప్పింది."

నా లోపలి దుమ్ము దులిపి, లేసులు రెండూ కలిపి ముడేసి, నన్ను భుజాన వేసుకుంది. నా కొలత ఎంతో చూడనైనా లేదు.