సూర్యలంక భోజనం

చేప ముళ్ళు తీయడం నాకు పెళ్ళయ్యాక వచ్చిన పని. మా అత్తమ్మ బాలనాగమ్మకు చూపు ఆనదు, మా ఆయన కురుమూర్తికి ఓపిక ఉండదు. సూర్యలంకలో సముద్రం ఒడ్డున ఉన్న ఆ హోటల్లో కూడా నేను అదే చేస్తున్నాను. ముందు ఆయన ముక్క, తర్వాత అత్తమ్మ ముక్క. నా అన్నం చల్లారిపోయింది. ఎదురుగా విత్తనాల కంపెనీ మేనేజరు శ్రవణ్ కుమార్ గారు, ఆయన భార్య వీణ. ఆయన తన చేప తనే ఒలుచుకుంటున్నాడు. వీణ నా చేతుల వంక చూసింది.

మా ఆయన గద్వాల చుట్టుపక్కల రైతులతో కంపెనీకి పత్తి విత్తనం పండిస్తాడు. ఈ ఏడు అందరికంటే మంచి విత్తనం ఇచ్చాడని కంపెనీ మమ్మల్ని సముద్రం చూపించడానికి తీసుకొచ్చింది.

"మీ సొంత చేను విత్తనంలో అసలు కల్తీ లేదు కురుమూర్తి గారూ" అన్నాడు మేనేజరు.

"అంత నా నిగ్రాని సార్. నేను నిలబడకపోతే ఒక్క పని కాదు."

రెండు నెలల పాటు రోజూ సాయంత్రం మొగ్గలు గిల్లి, మర్నాడు పొద్దున్నే ఒక్కొక్క పువ్వుకూ పుప్పొడి అద్దింది నేనూ, నాతో పాటు పదహారు మంది ఆడవాళ్ళూ. వాళ్ళందరికీ జొన్నరొట్టెలు కొట్టింది నేను. ఆయన వచ్చి గట్టు మీద బండి దిగకుండానే "అయితున్నదా?" అని అడిగి పోయేవాడు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

నా ఒళ్ళో సంచీ మీద ఒక పుస్తకం ఉంది. గద్వాల గ్రంథాలయంలో తెచ్చుకున్న డిటెక్టివ్ నవల. కామేశ్వరి అనే రిటైరైన హెడ్మిస్ట్రెస్ నేరాలు పరిశోధిస్తుంది. మొత్తం పదిహేడు పుస్తకాలు, ఇది పన్నెండోది. వీణ దాన్ని చూసి, "నేనూ ఇవే చదువుతానండీ. ఇన్ని పుస్తకాలు ఒకలాగే ఉంటాయి కదా, మీకు విసుగనిపించదా?" అంది.

ఈ మాట నన్నడిగినవాళ్ళు లేరు. ఒకలాగే ఉండటమే నాకిష్టమని చెప్పాలనుకున్నాను. ఒక కథ అయిపోయినా ఆమె పోదు. అవే మోకాళ్ళ నొప్పులతో, అదే గొడుగుతో మళ్ళీ వస్తుంది. ఎక్కడికి పోతున్నావని ఆమెను ఎవరూ నిలదీయరు. అడక్కుండా వెళ్ళగలిగిన పుట్టిల్లు లాంటిది నాకు ఆ పుస్తకాల వరస. ఇంకో సంగతి కూడా ఉంది. పెద్ద ఇంట్లో హత్య జరిగితే పోలీసులు మగవాళ్ళందరినీ కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తారు. కామేశ్వరి మాత్రం పెరట్లోకి పోయి, గిన్నెలు తోమే మనిషి పక్కన కూర్చుని, "నువ్వేం చూశావమ్మా?" అని అడుగుతుంది. ఆమె చెప్పింది నోట్‌బుక్కులో రాసుకుంటుంది. నేను ఆ పేజీలే రెండు మూడుసార్లు చదువుతాను.

"విసుగు రాదమ్మా, ఎందుకంటే..." అని మొదలుపెట్టాను.

మా ఆయన చెయ్యి చాపి పుస్తకం లాక్కున్నాడు. కూర అంటిన వేళ్ళతోనే చివరి పేజీ తిప్పాడు. "చంపింది చిన్నకోడలంట! అయిపాయె. ఇగ చదివేదేముంది?" అని పగలబడి నవ్వాడు. మేనేజరు కూడా నవ్వాడు.

"గా పుస్తకం పట్టుకుంటే పొయ్యి మీద కూర మాడినా తెల్వదు సార్ దీనికి" అంది అత్తమ్మ.

వీణ నవ్వలేదు. నేను పుస్తకం తీసుకుని కొంగుతో తుడిచి సంచీలో పెట్టాను. అంతకంటే ఏం చేయగలను? ఇరవై రెండేళ్ళుగా తుడుస్తూనే ఉన్నాను.

అప్పుడే మేనేజరు అడిగాడు. "ఇంతకీ ఆ ఖిల్లా ఘణపూర్ భూమి ఏమైంది? కొత్త రకానికి మాకు అలాంటిదే కావాలి. వేరే పుప్పొడి కలవకుండా చుట్టూ ఎక్కడా పత్తి ఉండకూడదు."

"అయినట్టే సార్. నాలుగెకరాలు. సోమారం నా పేరు మీదికి మార్పించుకుంట. ఈమె ఆఫీసుకు వచ్చి వేలుముద్ర పెడితె సరిపాయె."

నా చెయ్యి చేప మీదే ఆగిపోయింది. ఆ నాలుగెకరాలు మా నాయిన బక్కయ్య పోయేముందు నా పేరున రాసినవి. నెల కిందట ఈ ప్రయాణం టికెట్లకని చెప్పి ఆయన నన్ను ఫొటో స్టూడియోకు తీసుకెళ్ళాడు. మేం వచ్చింది కంపెనీ బస్సులో, మాకు టికెట్లే లేవు. బీరువాలో పట్టాదారు పాస్‌బుక్కు కనబడక అడిగితే, "యాడికి పోతది, ఉంటది తీయ్" అన్నాడు. మా తమ్ముడు రాజు ఫోన్ చేసి, "బావ చెప్పిండక్కా, నీకు ఇష్టమేనట గదా" అంటే, ఏం చెప్పాడో అడిగేలోపే కుక్కరు కూత పెట్టింది. అన్నీ నా కళ్ళ ముందే జరిగాయి. ఒక్కదాన్నీ ఇంకోదానితో కలిపి చూసుకోలేదు.

అన్నిటికంటే ఒకటి ఎక్కువ బాధపెట్టింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆయన మొదటిసారి, "పద్మా, సముద్రం చూద్దాం పా" అన్నాడు. ఆ మాటకు నేను రెండు రోజులు పాటలు పాడుకుంటూ పని చేశాను.

"సార్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆ భూమి నాది. దాని సంగతి నన్నెవ్వరు అడగలే."

మేనేజరు మా ఆయన వైపు చూశాడు. మా ఆయన నవ్వబోయాడు. "ఆడోళ్ళకు గివన్ని ఏం తెలుస్తయ్ సార్? ఏయ్, ఇంటికి పోయినంక మాట్లాడుకుందాం."

"మాట్లాడుకుందాం. భూమి అయితే ఇయ్య. సోమారం నేను రాను."

"ముందు మీరూ మీరూ తేల్చుకోండి" అని మేనేజరు చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. మా ఆయన పళ్ళు బిగబట్టి, "పదిమందిల నా ఇజ్జత్ తీసినవ్" అని విస్తరి తోసేసి బయటికి వెళ్ళిపోయాడు. నేను నా చేప ముక్క తీసుకుని తిన్నాను. చల్లగా ఉంది, ఉప్పుగా ఉంది. ముక్క అయిపోయేదాకా లేవలేదు.

తర్వాత అత్తమ్మను చెయ్యి పట్టి కుళాయి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె తిడుతుందని ఎదురుచూస్తున్నాను. ఆమె చేతులు చాలాసేపు కడుక్కుంది.

"పెద్దమందడిల నాకు రెండెకరాలుండె" అంది, నీళ్ళ వైపే చూస్తూ. "మీ మామ ఓ దినం ఆఫీసుకు తోల్కపోయిండు. కొత్త చీర కట్టుకో అన్నడు, కట్టుకున్న. గీడ వేలు పెట్టు అన్నడు, పెట్టిన. వచ్చేటప్పుడు మైసూర్‌పాక్ కొనిచ్చిండు. తిన్న."

కుళాయి కట్టేసింది.

"నువ్వు పెట్టకు బిడ్డా."

గద్వాలకు వచ్చాక రెండు రోజులు మా ఆయన నాతో మాట్లాడలేదు. సోమవారం పొద్దున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని అరుగు మీద ఎదురుచూస్తుండగా, నేను నా భూమి చూసి రావడానికి బయల్దేరాను. ఎక్కడికని అడిగాడు, చెప్పాను. అత్తమ్మ చెప్పులేసుకుని నా వెనకే వచ్చింది. ఆయన ఆమెను ఆపలేకపోయాడు.

ఖిల్లా ఘణపూర్ పోయే బస్సు పెద్దమందడి దగ్గరికి వచ్చేసరికి ఆమె కిటికీ చువ్వలు పట్టుకుని ముందుకు వంగింది. పచ్చగా ఏదో చేను దాటింది, తర్వాత ఇంకోటి.

"ఏది అత్తమ్మా నీది?" అన్నాను.

"నాకేం తెలుసు బిడ్డా" అంది. "నన్నెన్నడన్న తోల్కపోయి చూపిస్తే గద."

నేను లేచి, బస్సు ఆపమని కండక్టరుకు చెప్పాను.